గినీ పిగ్ చూలుతో ఉన్నట్టుంది: మేత ఏం పెట్టాలి, మగదాన్ని ఎప్పుడు తీయాలి, ఈ ఎండలో ఎలా?

మేడమీది గది, మెహదీపట్నం
ఏప్రిల్ 27

నమస్తే అందరికీ. మార్చి 14న పాతబస్తీలో ఒక షాపులో రెండు గినీ పిగ్స్ తీసుకున్నాం. రెండూ ఆడవే, నాలుగేసి నెలలవి అన్నారు. నెల తిరిగేసరికి నల్లది నడుము ఊపుకుంటూ, గొంతులో గుర్రుమంటూ రెండోదాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అది మగదేమోనని ఇప్పుడు అనుమానం. గోధుమ రంగుది రోజురోజుకీ అడ్డంగా పెరుగుతోంది. వంటింటి త్రాసు మీద ఏప్రిల్ 6న 610 గ్రాములు తూగింది, ఈరోజు 790.

ఇప్పుడున్న ఏర్పాటు చెప్తాను, తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఇనుప పంజరం, అడుగున కూడా జాలీనే. కింద ట్రేలో వడ్రంగి షాపు నుంచి తెచ్చిన రంపపు పొట్టు. మేతకి కుందేళ్ళ దాణా, క్యారెట్, క్యాబేజీ, కీరా. నీళ్ళ సీసాలో రోజూ నాలుగు చుక్కలు విటమిన్ సి. టిమోతీ అనే ఎండుగడ్డి ఒక ప్యాకెట్ తెప్పించాం గానీ రేటు చూసి పొదుపుగా పెడుతున్నాం. మాది పై అంతస్తు, మధ్యాహ్నం గదిలో 36 డిగ్రీలు చూపిస్తోంది.

నిజంగా చూలేనా, ఎలా తెలుసుకోవాలి? మగదాన్ని ఇప్పుడే వేరు చేయాలా, ఈనాక చేస్తే సరిపోతుందా? మేత ఏది, ఎంత? మే నెల ఎండలో దీన్ని ఎలా కాపాడుకోవాలి?

గరికపోచ

మగదాన్ని ఈ రాత్రికే వేరు చేయండి, మిగతావి రేపు చూసుకోవచ్చు. ఈనాక చేద్దామనుకుంటే అప్పటికే చేయి దాటిపోతుంది. గినీ పిగ్ ఈనిన కొన్ని గంటల్లోనే మళ్ళీ ఎదకు వస్తుంది. పక్కన మగది ఉంటే ఆ పూటే మళ్ళీ చూలు కడుతుంది. ఒకవైపు పాలిస్తూ ఇంకోవైపు కడుపులో పిల్లల్ని మోస్తూ తల్లి ఎముకలు తేలిపోతుంది. వేరు చేయడమంటే ఇంకో గదిలో పెట్టమని కాదు, ఒంటరిగా ఉంటే రెండూ బెంగపడతాయి. పక్కపక్కనే రెండు పంజరాలు, మధ్యలో జానెడు ఖాళీ. వాసన, మాట అందాలి, ఒళ్ళు తగలకూడదు.

మగదో ఆడదో చూడటానికి ఇద్దరు కావాలి. ఒకరు దాని వీపు తమ ఛాతీకి ఆనించుకుని, వెనక కాళ్ళ కింద అరచెయ్యి ఆసరా పెట్టి పట్టుకోవాలి. రెండోవాళ్ళు కింద భాగం చూడాలి. ఆడదానికి ఇంగ్లీషు వై అక్షరంలా చీలిక కనిపిస్తుంది. మగదానికి పైన గుండ్రటి చుక్క, దాని కింద సన్న గీత. ఆ చుక్కకి కాస్త పైన పొట్ట మీద వేలితో మెత్తగా నొక్కితే అంగం బయటికి వస్తుంది, ఇక సందేహం ఉండదు. రెండింటినీ పక్కపక్కన చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక లెక్క. చూలు 59 నుంచి 72 రోజులు మోస్తుంది, పిల్లలు ఎక్కువైతే ముందు, తక్కువైతే ఆలస్యంగా ఈనుతుంది. మార్చి 14నే కట్టిందనుకుంటే మే 12కీ 25కీ మధ్య ఈనాలి. షాపులో ఉండగానే కట్టి ఉంటే ఇంకా ముందే రావచ్చు. అందుకే తారీఖు నమ్ముకోకుండా రేపటినుంచే అన్నీ సిద్ధం చేసి పెట్టుకోండి.

3 వారాల్లో 180 గ్రాములు పెరగడం, అదీ పక్కలకి ఉబ్బుతూ పెరగడం, చూలనే చెప్తోంది. ఖాయం చేసుకోవాలంటే అది తింటున్నప్పుడు రెండు పక్కలా అరచేతులు ఊరికే ఆనించి ఒక నిమిషం ఉంచండి. ఆరు వారాలు దాటితే లోపల పిల్లలు కదలడం చేతికి తెలుస్తుంది, ఒక్కోసారి చర్మం మీద అల కదిలినట్టు కంటికే కనిపిస్తుంది. వేళ్ళతో నొక్కి గడ్డలు లెక్కపెట్టే పని చేయకండి, లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ముందు కాళ్ళ వెనక, ఒక చెయ్యి పిరుదుల కింద, బరువంతా కింది చేతి మీదే పడాలి. చివరి రెండు వారాలు అసలు ఎత్తకపోతే మేలు. తూకానికి త్రాసు మీద అట్టపెట్టె పెట్టి, కొత్తిమీర రెమ్మ చూపిస్తే అదే ఎక్కుతుంది.

నాలుగు నెలలన్న షాపువాళ్ళ మాట నిజమైతే వయసు విషయంలో భయం లేదు. ఆడదానికి మొదటి ఈత ఏడో నెల దాటాక రాకూడదు. కటి ముందు భాగంలో రెండు ఎముకలని కలిపే కీలు అప్పటికి గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఈనే సమయానికి అది తెరుచుకోదు, పిల్ల అడ్డం పడుతుంది, ఆపరేషన్ తప్ప దారి ఉండదు. మీదానికి వయసు ఎక్కువని ఏమాత్రం అనుమానం ఉన్నా డాక్టర్‌కి ముందే చూపించి ఎక్స్‌రే తీయించండి. చివరి వారాల్లో తీస్తే పిల్లలెన్నో, తలలు ఎంతున్నాయో కూడా తెలుస్తుంది.

తార్నాక ఆకుకూర

మేత గురించి నేను రాస్తాను.

మీ పట్టికలో పెద్ద లోటు గడ్డి. పొదుపు చేయకూడనిది అదొక్కటే. దీని పళ్ళు, దవడ పళ్ళతో సహా, బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. అరిగేది గడ్డి నమిలితేనే. పొట్ట కదలాలన్నా పీచు పడుతూనే ఉండాలి. పగలూ రాత్రీ ముందు గడ్డి ఉండాలి, అయిపోయి ఖాళీగా ఒక్క పూట కూడా ఉండకూడదు.

టిమోతీ ఖరీదైతే దిగులు వద్దు, గరిక ఉంది. కుక్కలు తిరగని, మందు కొట్టని చోటు నుంచి కోయండి. పార్కుల లాన్, రోడ్డు డివైడర్ల గడ్డి వద్దు. మంచి నీళ్ళతో కడిగి, జాడించి, నీడలో గాలి తగిలేలా మూడు నాలుగు రోజులు పల్చగా ఆరబెట్టండి. ఎర్రటి ఎండలో వేస్తే రంగు, సారం రెండూ పోతాయి. సరిగ్గా ఆరిన గరిక పచ్చగానే ఉంటుంది, వంచితే టక్కున విరుగుతుంది, తీపి వాసన వేస్తుంది. దాన్ని గోనెసంచిలో దాచాలి. ప్లాస్టిక్ కవర్‌లో కడితే చెమ్మ పట్టి బూజొస్తుంది. ముక్కిపోయిన వాసన వచ్చినా, దులిపితే బూడిదలా పొడి లేచినా మొత్తం పారేయండి. పచ్చి గరిక కూడా పెట్టొచ్చు గానీ అలవాటు లేనిదానికి మొదటిరోజు పిడికెడే, వారం మీద పెంచాలి. వరిగడ్డి మేత కాదు. సారం లేదు, మొనలు కళ్ళల్లో గుచ్చుకుంటాయి.

చూలుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డి మంచిది, మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ. మామూలు గడ్డితో పాటు రోజూ ఒక గుప్పెడు వేయండి. పిల్లలు పాలు మానగానే తల్లికి ఆపేయాలి. పెద్దవాటికి ఆ కాల్షియమే మూత్రకోశంలో రాళ్ళవుతుంది. మగదానికి ఇప్పుడు కూడా వద్దు.

కుందేళ్ళ దాణా వెంటనే మార్చాలి. కుందేలు ఒంట్లో విటమిన్ సి తయారవుతుంది కాబట్టి దాని దాణాలో కలపరు. గినీ పిగ్‌కి మనలాగే ఆ శక్తి లేదు, మేతలో రాకపోతే స్కర్వీ, అంటే విటమిన్ సి లోపంతో చిగుళ్ళు, కీళ్ళు దెబ్బతినే జబ్బు, వస్తుంది. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు స్కర్వీని ప్రయోగశాలలో మొదటిసారి తెప్పించి చూపింది గినీ పిగ్స్‌లోనే, వాటికి ధాన్యం, రొట్టె తప్ప ఇంకేం పెట్టకుండా. విటమిన్ సి కథ అక్కడినుంచే కదిలింది. గినీ పిగ్ దాణా అని రాసి ఉన్నదే కొనండి, తయారైన తేదీ చూడండి. మూడు నెలలు దాటితే అందులోని విటమిన్ సి చాలావరకు పోతుంది. అందుకే కిలోల లెక్కన విడిగా అమ్మేది వద్దు. కోళ్ళ దాణా అసలు వద్దు, అందులో కలిపే కొన్ని మందులు వీటికి విషం. పాత దాణాలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ 7 నుంచి 10 రోజుల్లో మార్చండి. చూలుతో ఉన్నప్పుడు ఒక్కసారిగా మారిస్తే తినడం మానేస్తుంది, అది చాలా ప్రమాదం. మామూలప్పుడు దాణా రోజుకి 20, 25 గ్రాములు. ఇప్పుడు 40 దాకా ఇవ్వొచ్చు, పూటకి కొంచెం కొంచెంగా. కడుపు నిండా పిల్లలుంటే ఒకేసారి ఎక్కువ పట్టదు.

నీళ్ళలో చుక్కలు ఆపేయండి. వెలుతురుకి, గాలికి ఆ మందు కొన్ని గంటల్లో పోతుంది. రుచి మారిందని అది నీళ్ళే తక్కువ తాగుతుంది, ఈ ఎండల్లో అసలు నష్టం అక్కడ. మామూలు గినీ పిగ్‌కి కిలో బరువుకి రోజుకి 10 నుంచి 20 మి.గ్రా. విటమిన్ సి చాలు, చూలుతో ఉన్నదానికి 30 అయినా కావాలి. మీదానికి సుమారు 25 మి.గ్రా. అన్నమాట. ఆకుపచ్చ క్యాప్సికమ్ 100 గ్రాముల్లో 80 మి.గ్రా. వరకు ఉంటుంది, అంటే మధ్యరకం కాయలో పావు ముక్క ఇస్తే సరిపోయింది. ఎర్రదాంట్లో ఇంకా ఎక్కువ. గింజలు, తొడిమ తీసేయండి. దానికి తోడు గుప్పెడు కొత్తిమీర. జామపండు బొటనవేలంత ముక్క వారానికి రెండుసార్లు. కాయగూర ఏ కారణంగానైనా తినని రోజున 500 మి.గ్రా. నమిలే విటమిన్ సి బిళ్ళని పొడిచేసి 16 సమాన భాగాలు చేసి, ఒక భాగం కీరా ముక్క మీద చల్లి ఇవ్వండి. మల్టీవిటమిన్ చుక్కలు మాత్రం వద్దు, అందులో ఎ, డి విటమిన్లు ఎక్కువై చేటు చేస్తాయి.

క్యారెట్ వారానికి రెండు ముక్కలు చాలు, తీపి. క్యాబేజీ ఆపేయండి, గ్యాస్ కడుతుంది. గినీ పిగ్ తేన్చలేదు, కక్కలేదు, కడుపు ఉబ్బితే గంటల్లో పోతుంది. పాలకూర, చుక్కకూర, గోంగూర పక్కన పెట్టండి, మూత్రంలో రాళ్ళు కట్టే ఆక్సలేట్లు ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, టమాటా ఆకు అస్సలు వద్దు. అన్నం, బిస్కెట్, పప్పుగింజలు కూడా.

ఇంకొక్క మాట. మక్కకంకుల బండి దగ్గర లేత పచ్చి తొక్కలు, పీచు ఊరికే ఇస్తారు. పై రెండు పొరలు తీసేసి, లోపలి లేత పొరలు కడిగి పెట్టండి. చివర పట్టుకుని ఈనె వెంట చీల్చుకుంటూ కరకరా నమిలేస్తుంది, పళ్ళకి గడ్డి తర్వాత అంత మంచిది ఇంకొకటి లేదు.

వంకాయ పువ్వు

మునగాకు పెట్టొచ్చా? మా వైపు చెట్టు ఉంది, విటమిన్ సి బాగా ఉంటుందంటారు.

తార్నాక ఆకుకూర

ఉంటుంది, కాల్షియం కూడా అంతే గట్టిగా ఉంటుంది. చూలుతో ఉన్నదానికి వారానికి రెండుసార్లు ఒక చిన్న రెమ్మ పర్వాలేదు. మగవాటికి, వయసు మళ్ళినవాటికి అలవాటు చేయకండి.

తాండూరు బండ

ఎండ గురించి. గినీ పిగ్‌కి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్య. 28 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. అది చెమట పట్టే జంతువు కాదు, కుక్కలా రొప్పి చల్లబడలేదు కూడా. చూలుతో ఉన్నది ఇంకా తొందరగా పడిపోతుంది, ఎండదెబ్బకి కడుపు పోవచ్చు, తల్లే పోవచ్చు. మీ లెక్క ప్రకారం ఈత మే 12, 25 మధ్యన. రోళ్ళు పగిలే రోహిణి కార్తె మొదలయ్యేది ఆ చివరి రోజుల్లోనే. 36 డిగ్రీల గదిలో ఒక్క మధ్యాహ్నం కూడా ఉంచకండి.

పై అంతస్తులో స్లాబు వేడి సాయంత్రం ఏడింటిదాకా దిగుతూనే ఉంటుంది. ఇంట్లో ఉత్తరం వైపు, లేదా కింద అంతస్తులో నేలమీద చోటు చూడండి. వేడి పైకి పోతుంది కాబట్టి బల్ల మీద కన్నా నేల మీద రెండు మూడు డిగ్రీలు తక్కువ. హైదరాబాద్ ఎండ పొడి ఎండ, కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి, లేకపోతే చెమ్మ నిలిచి ఊపిరికి కష్టం. గాలి సూటిగా పంజరం మీద కొట్టకూడదు, గోడకి తగిలి తిరిగి రావాలి. జూన్‌లో వానలు పడ్డాక కూలర్‌తో చెమ్మే తప్ప చల్లదనం రాదు, అప్పుడు ఫ్యానే.

పంజరంలో ఒక అడుగు చదరం తాండూరు బండ లేదా షాబాద్ బండ ముక్క వేయండి, బండల షాపులో పగిలిన ముక్కలు ఊరికే ఇస్తారు. అంచులు గరుకుగా ఉంటే ఇంకో రాయితో రుద్ది నున్న చేయాలి. రెండు ముక్కలుంటే ఒకటి పొద్దునంతా ఫ్రిజ్‌లో, ఒకటి పంజరంలో, మధ్యాహ్నం మార్చాలి. లీటరు సీసాలో నీళ్ళు ముప్పావు వంతు పోసి గడ్డకట్టించి, పాత తువ్వాలు చుట్టి ఒక మూల పెట్టండి. అది ఇష్టమైతే ఆనుకుంటుంది, చలేస్తే జరిగిపోతుంది. మంచు సీసా తువ్వాలు లేకుండా పెట్టకూడదు, పంజరమంతా తడిసిపోతుంది. దాని మీద నీళ్ళు చల్లడం, స్నానం చేయించడం వద్దు.

ఎండదెబ్బ ఇలా తెలుస్తుంది: సాగిలపడి పడుకుంటుంది, ఊపిరి వేగంగా, చొంగ కారుతుంది, చెవులు ఎర్రగా కాలుతుంటాయి. చల్లటి చోటికి మార్చి, మామూలు నీళ్ళలో తడిపిన గుడ్డతో చెవులు, పాదాలు తుడుస్తూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఐసు నీళ్ళు వాడితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది.

నీళ్ళ సీసాలు రెండు పెట్టండి. మన బోరు నీళ్ళకి సీసా మూతిలోని గుండు మీద తెల్లటి సున్నం పేరుకుని బిగుసుకుపోతుంది. బయటికి సీసా నిండుగా కనిపిస్తుంది, చుక్క రాదు. పొద్దున, సాయంత్రం వేలితో గుండు తట్టి చుక్క పడుతోందో లేదో చూడాలి. వారానికోసారి నిమ్మరసంలో నానబెట్టి బ్రష్‌తో తోమితే సున్నం వదులుతుంది. మంజీరా కుళాయి నీళ్ళు వస్తే అవే పోయండి.

అడుగు జాలీ ఈరోజే మూసేయండి. జాలీ మీద నిలబడి పాదాలకి పుళ్ళు పడతాయి, బరువు పెరిగేకొద్దీ ఎక్కువ. పుట్టిన పిల్ల కాలు ఆ కన్నంలో ఇరుక్కుంటే విరిగిపోతుంది. మందంగా వార్తాపత్రికలు, వాటిమీద పాత నూలు బెడ్‌షీట్ రెండు మడతలు. దారాలు వేలాడకుండా అంచు కుట్టాలి. రోజూ మార్చి ఉతకాలి, సువాసన లిక్విడ్లు లేకుండా. వడ్రంగి పొట్టులో సన్న దుమ్ము ఉంటుంది, ప్లైవుడ్ జిగురు, పాలిష్ ఉంటాయి, ఊపిరితిత్తులు చెడతాయి. ఊక కూడా వద్దు, గరుకు. చోటు కూడా చిన్నదే, రెండింటికి 7.5 చదరపు అడుగులు ఉండాలి. ఒకదానికైతే మీ 3 బై 2 ఇప్పటికి నడుస్తుంది.

మేడమీది గది, మెహదీపట్నం
ఏప్రిల్ 29

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. గరికపోచ గారు చెప్పినట్టు చూశాం, నల్లది మగదే. ఆ రాత్రే వేరు చేశాం. చేతులు ఆనిస్తే ఎడమ పక్క కదలిక స్పష్టంగా తెలుస్తోంది. కింద అంతస్తులో మా అత్తయ్య వాళ్ళ గదిలో నేలమీద పెట్టాం, కూలర్‌తో 27 ఉంటోంది. క్యాప్సికమ్ ఎగబడి తింటోంది.

కొత్త భయం ఒకటి. నిన్నటినుంచి రోజుకి నాలుగైదుసార్లు తుమ్ముతోంది. తిండి బాగానే ఉంది, ముక్కు పొడిగానే ఉంది. తెలిసినవాళ్ళు పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ రెండు చుక్కలు వేయమన్నారు. వేయొచ్చా?

నైట్ డ్యూటీ

వేయకండి! అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెనిసిలిన్, క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ ఇవన్నీ నోటి ద్వారా గినీ పిగ్‌ని చంపే మందులు. దాని పేగులో గడ్డిని పులియబెట్టి అరిగించే మంచి సూక్ష్మజీవులు ఈ మందుకి చచ్చిపోతాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే చెడ్డ సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. మూడు నాలుగు రోజుల్లో విరేచనాలు, ప్రాణం పోవడం. డాక్టర్ రాసినా, అది ఏ మందో పేరు అడిగి చూసుకోండి. కుక్కలు, పిల్లులే ఎక్కువగా చూసే చోట ఈ సంగతి మరిచిపోయే ప్రమాదం ఉంది.

ముక్కు పొడిగా ఉండి తింటూ ఉంటే ఆ తుమ్ములు పొట్టు దుమ్మువి కావచ్చు. పొట్టు తీసేశారు కాబట్టి రెండు రోజులు చూడండి. దోమల చుట్ట, అగరబత్తి ఆ గదిలో వెలిగించకండి. ముక్కులో చీమిడి, కంటి చుట్టూ పుసి, ఊపిరి తీస్తే గరగర, తిండి తగ్గడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆగకూడదు. షాపులో వీటిని కుందేళ్ళ పక్కనే పెడతారు. కుందేలు బయటికి ఏమీ కనబడకుండా బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవిని మోస్తుంది, గినీ పిగ్‌కి అది నిమోనియా తెస్తుంది, చూలుతో ఉంటే కడుపు పోతుంది.

నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ముందుగా ఫోన్ చేసి గినీ పిగ్ చూసేవాళ్ళు ఏ రోజు ఉంటారో, రాత్రిపూట ఆపరేషన్ చేయగలరో కనుక్కోండి. ప్రైవేటులో చిన్న జంతువులు చూసే డాక్టర్ నంబరు ఒకటి కూడా రాసి పెట్టుకోండి. ఈత రాత్రి పదింటికి అడ్డం తిరిగితే వెతుక్కునే సమయం ఉండదు.

ఈత విషయానికొస్తే, అన్నిటికన్నా భయపడాల్సింది చూలు చివరి రెండు వారాలు, ఈనాక మొదటి వారం. లావుగా ఉన్న తల్లి ఏ కారణం చేతనైనా తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లనే చెడు పదార్థాలు రక్తంలో చేరతాయి. మూల నక్కి కూర్చుంటుంది, నోట్లోంచి గోళ్ళరంగు తుడిచే మందు వాసన వస్తుంది. అప్పటికి సగం చేయి దాటినట్టే. అందుకే రోజూ ఒకే వేళకి తూచండి. 50 గ్రాములు తగ్గినా, 12 గంటలు సరిగా తినకపోయినా డాక్టర్ దగ్గరికి. మొదలుపెట్టిన దాణా మార్పు తప్ప, మేత మార్చడం, చోటు మార్చడం, చుట్టాలకి చూపించడం, అన్నీ ఇక ఆపేయండి.

ఈత దగ్గరపడిందని తెలిసేది కటి ఎముక దగ్గర. మూత్రద్వారానికి కాస్త పైన, పొట్ట మొదట్లో చూపుడువేలు ఆనిస్తే మామూలప్పుడు గట్టిగా ఒకటే ఎముకలా ఉంటుంది. చివరి వారంలో మధ్యన పల్లం వస్తుంది. అది వేలెడు వెడల్పయిందంటే ఒకటి రెండు రోజుల్లో ఈనుతుంది. గూడు అల్లదు, కాబట్టి ఆ గుర్తు కోసం చూడకండి.

కూర్చునే ఈనుతుంది. తల కాళ్ళ మధ్యకి వంచి, పళ్ళతో పిల్లని లాగి, మాయపొర చీల్చి నాకుతుంది. ఒక్కో పిల్లకి అయిదు నిమిషాలు, మొత్తం అరగంటలో అయిపోతుంది. మాయ తినేస్తుంది, తిననివ్వండి. రెండు పిల్లలు వెంటవెంటనే వస్తే ఒక్కోసారి మొదటిదాని పొర తీయడం మరిచిపోతుంది. నిమిషం చూసి, తల్లి పట్టించుకోకపోతే ముక్కు దగ్గర పొర మీరే చీల్చి, శుభ్రమైన నూలు గుడ్డతో మూతి తుడిచి, ఒళ్ళు రుద్ది తల్లి ముందు పెట్టండి. బొడ్డు లాగొద్దు, కోయొద్దు. 20, 30 నిమిషాలు ముక్కుతూ పిల్ల రాకపోయినా, చెంచాడు కన్నా ఎక్కువ రక్తం పడినా, పిల్ల సగం వచ్చి ఆగినా బయల్దేరండి.

చీమలు! మన ఇళ్ళలో దీన్ని ఎవరూ ముందు తలవరు. ఉమ్మనీటి వాసనకి చీమలు బారులు కడతాయి, తడి ఆరని పిల్ల కళ్ళు, బొడ్డు దగ్గర పట్టేస్తాయి. నాలుగు గిన్నెల్లో నీళ్ళు పోసి, పంజరం కాళ్ళు లేదా కింద పెట్టిన ఇటుకలు అందులో ఉండేలా చూడండి. చీమల సుద్ద గీయకండి, అది పురుగుమందు, దాన్ని తొక్కి పాదాలు నాకితే విషం.

బేగంపేట చిట్టెలుక

దీన్ని చదివి హామ్‌స్టర్ పెంచేవాళ్ళు అదే పద్ధతి పాటించకండి. హామ్‌స్టర్ చూలు రకాన్ని బట్టి 16 నుంచి 22 రోజులే, పిల్లలు కళ్ళు తెరవకుండా, జుట్టు లేకుండా పుడతాయి. మొదటి రెండు వారాలు గూట్లో చెయ్యి పెడితే, పంజరం కడిగితే తల్లి భయపడి పిల్లల్నే తినేస్తుంది. తూకం, తుడవడం ఏమీ వద్దు. మేత, నీళ్ళు పెట్టి వదిలేయాలి.

మేడమీది గది, మెహదీపట్నం
మే 16

నిన్న తెల్లవారుజామున మూడు పిల్లలు. 92, 85, 61 గ్రాములు. తుమ్ములు పొట్టు తీసేశాక మూడో రోజుకే పోయాయి. తల్లి తింటోంది. చిన్నదాని గురించి భయంగా ఉంది, పాలు అందుతున్నాయో లేదో. తల్లికి రెండే చన్నులున్నాయి, పిల్లలు మూడు. ఆవుపాలు పట్టించాలా? తర్వాత ఎప్పుడు వేరు చేయాలి?

గరికపోచ

చాలా సంతోషం. రెండు చన్నులే ఉంటాయి, వాటితోనే నాలుగు పిల్లల్ని కూడా సాకుతుంది, వంతులు వేసుకుని తాగుతాయి. ఆవుపాలు వద్దు, విరేచనాలు అవుతాయి. సిరంజితో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. మీరు చేయాల్సింది ఒకటే: పెద్దవి రెండింటినీ రోజుకి మూడు నాలుగుసార్లు, పావుగంట చొప్పున గుడ్డ పరిచిన బుట్టలో పక్కన పెట్టి, 61 గ్రాముల పిల్లని తల్లితో ఒంటరిగా వదలండి. మనిషి వాసనకి తల్లి పిల్లల్ని వదలదు, ఆ భయం వద్దు.

రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. మొదటి రెండు రోజులు రెండు మూడు గ్రాములు తగ్గడం మామూలే. మూడో రోజు నుంచి రోజుకి 3 నుంచి 5 గ్రాములైనా పెరగాలి. నాలుగో రోజుకి కూడా తగ్గుతుంటే డాక్టర్ దగ్గర పాలపొడి, మోతాదు అడగాలి. మధ్యలో దాణా వేడినీళ్ళలో నానబెట్టి, చల్లారాక మెత్తటి ముద్ద చేసి సీసా మూతంత పల్లెంలో పెట్టండి. పళ్ళతోనే పుడతాయి కాబట్టి రెండో రోజే మూతి పెడతాయి. తల్లి తినే గడ్డి కొస రెండోవైపు నుంచి పట్టుకుని నమలడం చూస్తారు, ఏది తినొచ్చో అలాగే నేర్చుకుంటాయి. కాబట్టి తల్లికి పెట్టేవన్నీ పిల్లలకి అందేంత కిందికి ఉండాలి. నీళ్ళ సీసా ఒకటి వాటి ఎత్తుకి, నేలకి రెండంగుళాల పైన దించండి. లోతు గిన్నెలో నీళ్ళు వద్దు, పడిపోతాయి.

వేరు చేసే రోజు జూన్ 5, సరిగ్గా 21 రోజులు. ఒక్క వారం ఆలస్యమైనా మగపిల్లలు తల్లినీ చెల్లెళ్ళనీ చూలు చేయగలవు, ఆడపిల్లలు నాలుగు వారాలకే కట్టగలవు. ఆరోజు ఒక్కోదాన్నీ రెండుసార్లు చూసి మగవాటిని నల్లదాని దగ్గరికి, ఆడవాటిని తల్లి దగ్గర. మగది తిరిగి తల్లితో ఉండాలంటే దానికి ఆపరేషన్ చేయించాలి. చేయించాక కూడా ఆరు వారాలు ఆగాలి, లోపల మిగిలిన వీర్యంతో అప్పటిదాకా చూలు కట్టొచ్చు.

పిల్లల్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఆడ రెండు కలిపి, లేదా మగ రెండు కలిపి ఇవ్వండి. తెల్ల వెంట్రుకలు రంగు వెంట్రుకలతో ఒళ్ళంతా కలిసిపోయి ఉంటే ఆ రకాన్ని రోన్ అంటారు, తీసుకునేవాళ్ళకి చెప్పండి. రోన్‌ని రోన్‌తో కలిపితే నాలుగింట ఒకటి చొప్పున కళ్ళు లేకుండా, పళ్ళు సరిగా రాకుండా తెల్లపిల్లలు పుడతాయి. మీ మూడింటి రంగులు ఏంటో రాయండి, చూసి చెప్తాను.

మేడమీది గది, మెహదీపట్నం
మే 19

రెండు నల్లవి, చిన్నది గోధుమ, నుదుటి మీద తెల్ల చారతో. ఒళ్ళు మీద కలగలుపు వెంట్రుకలు ఎక్కడా లేవు. ఈ పూట తూకం 99, 91, 66.